గేటు దగ్గర నా కుర్చీ

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి రాత్రి కాపలా నాదే. ఆఫీసు గది తాళం మాత్రం పోయిన నెల చేరిన నా మేనల్లుడు సుకుమార్‌కు ఇచ్చాడు యజమాని.

ఆ రాత్రి ఆఫీసు గదిలో వాడు కెమెరా రికార్డులున్న హార్డ్ డిస్కులను పాత రికార్డరు పెట్టెలోంచి తీసి, అదే వరుసలో కొత్త పెట్టెలో పెట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. ఒక్కటైనా చెడిపోతే బాగుండునని కోరుకున్నాను.

ఏదీ చెడలేదు. తెర మీద పోయినేటి సీజను రాత్రి కనిపించింది. లారీలు, గేటు, నా కుర్చీ. కుర్చీలో నా ఖాకీ చొక్కా వేసుకుని సుకుమార్ కూర్చుని ఉన్నాడు.

"అప్పుడు నేను బెంగుళూరులో ఉండాను గదా మామా!"

ఇంకా వెనక్కి తిప్పాడు. అంతకు ముందేడూ వాడే.

"పాత రాత్రులు గూడా నీకే కావాల్నా రా?" అన్నాను.

అంతలో యజమాని సుకుమార్‌కు ఫోన్ చేశాడు. వాడు స్పీకర్ పెట్టాడు. ఇంట్లో కూర్చుని ఇప్పుడు గేటు కెమెరా చూస్తున్నాడట.

"భేష్ సుకుమారా! గేటు కాడ కదలకుండా కూర్చోనుండావే. మీ మామ కుప్పయ్య ఏనాడన్నా అట్ల కూర్చున్నాడా?"

సుకుమార్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నాకు భయం కన్నా ముందు కడుపు మండింది.

బయట, నా కుర్చీలోంచి ఎవరో లేచిన చప్పుడైంది.