స్ట్రాంగ్ రెయిన్

"ఇట్ ఈజ్ స్ట్రాంగ్ రెయిన్," అంది వెనక బెంచీ మామ్మగారు, ముచ్చటగా మూడోసారి.

క్లాసు నవ్వింది. వానకు స్ట్రాంగ్ అనరు, హెవీ అంటారని కొత్త టీచరు అప్పటికే రెండుసార్లు చెప్పింది. బోర్డు మీద రాసింది, కింద గీత కూడా గీసింది.

పెద్దవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే ఆ స్కూలు మేనేజరు గోడవారన కుర్చీలో కూర్చుని చేతి గడియారం చూసుకున్నాడు. ఆయన షరతు పొద్దుననే చెప్పాడు. ఇచ్చింది ఒక గంట. నేర్పాల్సింది 'స్ట్రాంగ్' అనే ఒక్క మాట. గంటలోగా పదకొండు మందీ దాన్ని తప్పులేకుండా వాడితే ఉద్యోగం ఆమెదే.

ఎనిమిదేళ్ళు ఇంటిపట్టున ఉండిపోయాక ఆమెకు ఇది మూడో ప్రయత్నం. ఇదీ తప్పిపోతే ఆడపడుచు దుకాణంలో చీరలు మడతపెట్టడానికి వస్తానని మాట ఇచ్చేసింది. ఆడపడుచు అప్పుడే కుర్చీ కూడా చూసి పెట్టిందట.

"మా ఇంట్లో గట్టి వాన అనే అంటామమ్మా," అంది మామ్మగారు. "గట్టి అంటే స్ట్రాంగే కదా? మరి గట్టి రొట్టె? స్ట్రాంగ్ బ్రెడ్డేనా?"

"కాదండీ, హార్డ్ బ్రెడ్."

"గట్టిగా అరిస్తే?"

"లౌడ్."

"ఒక్క గట్టికి ఇన్ని పేర్లయితే ముసలిదాన్ని, ఎక్కడ గుర్తుపెట్టుకోను?"

మేనేజరు లేచి వచ్చి, ఆవిడతో పెట్టుకుంటే తెల్లారినట్టే, ముందు మిగతావాళ్ళ సంగతి చూడమని టీచరు చెవిలో చెప్పాడు. టీచరు తల ఊపింది గానీ, సుద్దముక్క పక్కన పెట్టి నేరుగా వెనక బెంచీకి వెళ్ళి మామ్మగారి పక్కన కూర్చుంది.

"మాటలకు కూడా చుట్టరికాలుంటాయండీ. స్ట్రాంగ్‌కు టీ సొంత చెల్లెలు. గాలి, వాసన, తాడు, అందరూ దగ్గరివాళ్ళే. వాన మాత్రం హెవీ ఇంటి అల్లుడు. మనం ఎంత పిలిచినా ఈ ఇంటికి రాడు."

ముందు బెంచీలోని బస్సు కండక్టరు వెనక్కి తిరిగాడు. "అయితే మేడమ్, ట్రాఫిక్ ఎవరి తాలూకు?"

"అదీ హెవీ వాళ్ళదే. వాళ్ళది పెద్ద కుటుంబం."

క్లాసంతా చుట్టరికాలు కలపడంలో పడిపోయింది. నర్సు స్ట్రాంగ్ మెడిసిన్ అంది. కండక్టరు తన భార్య స్ట్రాంగ్ కాఫీ పెడుతుందన్నాడు. సిగ్గుతో అప్పటిదాకా నోరు విప్పని దర్జీ కూడా స్ట్రాంగ్ థ్రెడ్ అని వాక్యం చెప్పి కూర్చున్నాడు. ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ పదిమందీ అయ్యారు.

మామ్మగారి వంతు వచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడుచుకుంది. ఈలోగా గంట కొట్టారు.

మామ్మగారు తప్ప అందరూ సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. పోతూ పోతూ మేనేజరు టీచరుతో, ఆమె సర్టిఫికెట్లు ఆఫీసులో ఉన్నాయి, వచ్చి తీసుకోమన్నాడు. ఆయన ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

ఆడపడుచు చూసి పెట్టిన కుర్చీ టీచరు కళ్ళముందు కదిలింది. అయినా మామ్మగారి పక్కనుంచి లేవలేదు.

"పోయేది ఎలాగూ పోయింది. మీరు మాత్రం ఉత్త చేతులతో వెళ్ళకండి," అంది. "పొద్దున లేవగానే మీకు ఏం కావాలి?"

"టీ."

"ఎలాంటి టీ?"

"పాలు తక్కువ, ఆకు ఎక్కువ. తాగితే నిద్రమత్తు వదలాలి."

"దాన్నే ఇంగ్లీషులో చెప్పండి. తొందరేం లేదు."

మామ్మగారు ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. "ఐ లైక్ స్ట్రాంగ్ టీ ఇన్ హెవీ రెయిన్," అంది నెమ్మదిగా.

టీచరు ఆవిడ చెయ్యి పట్టుకుని నవ్వేసింది. మామ్మగారు కూడా నవ్వి, మెల్లగా లేచి, గోడ పట్టుకుని బయటికి నడిచింది.

టీచరు బోర్డు తుడిచింది. కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది. ఇంట్లో ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుని చూసి, ఆఫీసు తలుపు తోసింది.

మేనేజరు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చుని ఆమె ఉద్యోగపు కాగితం మీద సంతకం పెడుతున్నది మామ్మగారే.