ఎర్ర పట్టీ

"ముందు ఆ క్లిప్పు అక్కణ్ణుంచి తీసెయ్యండి. తర్వాత ఏదైనా మాట్లాడదాం."

కౌన్సెలర్ టీచర్ గదిలో అడుగుపెడుతూనే అంది గువ్వ తల్లి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. బడి నుంచి ఫోన్ రాగానే కుట్టుమిషన్ మీద సగం కుట్టిన కాలర్‌ని అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది.

ఆమె వేలు చూపిస్తున్నది గోడకున్న పెద్ద అట్టను. దాని మీద మూడు రంగుల పట్టీలు. వాటికి పిల్లల పేర్లు రాసిన బట్టల క్లిప్పులు. అరవై మంది చదివే ఆ చిన్న బడిలో పొద్దున్నే ప్రతి పిల్లా, పిల్లాడూ ఈ గదికొచ్చి తమ క్లిప్పు పెట్టి వెళ్లాలి. మనసు బాగుంటే ఆకుపచ్చ, అంతంతమాత్రంగా ఉంటే పసుపు, ఎవరితోనైనా చెప్పుకోవాల్సింది ఉంటే ఎరుపు. వరసగా ఐదు రోజులు ఎరుపు మీదే ఉంటే తల్లికి కబురు వెళుతుంది. ఆ సాయంత్రానికి కూడా మారకపోతే తండ్రికి ఉత్తరం వెళుతుంది.

గువ్వకి ఇవాళ ఐదో రోజు.

కౌన్సెలర్ టీచర్ సగం జుట్టు నెరిసిన మనిషి. ఇదంతా నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఆ నెమ్మదికే తల్లికి ఒళ్లు మండింది. నేల మీద మెత్తటి దిండ్లు, గోడల మీద నవ్వు మొహాలు, ఏడుపు మొహాలు, బల్ల మీద కాగితపు రుమాళ్ల డబ్బా. ఏడవడానికి ఇన్ని ఏర్పాట్లా అనిపించింది. పిల్లలకి లెక్కలు నేర్పించండి, ఏడుపులు కాదు అని మొహం మీదే అనేసింది. ఆ ఉత్తరం గనక ఇంటికొస్తే ఏమవుతుందో మీకు తెలుసా అని నిలదీసింది. క్రితం నెల మార్కులు తగ్గినప్పుడే ఆయన తేల్చి చెప్పాడు, బడి నుంచి ఇంకొక్క మాట వచ్చినా పిల్లని హాస్టల్లో పడేస్తానని. ఆయన అన్నాడంటే చేసి తీరతాడు.

టీచర్ రోజూ పిలిచి కూర్చోబెట్టుకుని అడిగామనీ, గువ్వ నోరు విప్పలేదనీ మాత్రం చెప్పింది.

"ఏమడిగినా ఒకటే మాటమ్మా. మా అమ్మను పిలవండి, అమ్మ వచ్చాకే చెబుతాను అంటుంది."

తల్లి మెడలోని టేపు లాగి పట్టుకుంది. అంటే ఫిర్యాదు తన మీదేనన్నమాట. తొమ్మిది నెలలు మోసి కన్నందుకు ఊళ్లోవాళ్లందరి ముందూ తనని దోషిగా నిలబెట్టింది.

"నేనేం తక్కువ చేశానండీ దానికి?" అంది.

ఆ ఒక్కమాటతో కట్ట తెగింది. పొద్దున ఐదింటికి లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. తన చదువు ఏడో క్లాసులోనే ఆపించేశారు కాబట్టి, గువ్వ ఎనిమిదో క్లాసు పాఠాలు ముందు తాను కూడబలుక్కుని చదువుకుని, అప్పుడు దాని పక్కన కూర్చుంటోంది. అయినా తండ్రీకూతుళ్ల దగ్గర తనకి ఏమీ తెలియదనే పేరే. ఆయన ఇంట్లో ఉన్నా ఫోన్లోనే ఉంటాడు. తనతో మాట్లాడేది రెండే మాటలు, తువ్వాలేదీ, ఛార్జరేదీ. ఆడపడుచు ఫోన్ చేస్తే పిల్లతో మాట్లాడి పెట్టేస్తుంది. కాలర్లు కుట్టించుకునే షాపువాడు సైతం మెసేజే పెడతాడు. పొద్దస్తమానం తనతో మాట్లాడేది ఆ మిషనొక్కటే, దానికీ టకటక తప్ప మరో మాట రాదు. ఇంత చేసినా ఎవరి మీదా ఒక్కరోజు నోరు పారేసుకున్నది లేదు, అసలు నోరు తెరవడానికి ఎదురుగా మనిషంటూ ఉంటేగా.

టీచర్ మధ్యలో రెండుసార్లు మంచినీళ్లిచ్చింది. "తర్వాత?" అని మూడుసార్లు అడిగింది. అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

బెల్లు మోగేసరికి తల్లి ఉలిక్కిపడింది. తాను కుర్చీలో ఎప్పుడు కూర్చుందో తెలియలేదు. కొలతల టేపు వేళ్లకు చుట్టుకుపోయి ఉంది. చేతిలో ఒక కాగితపు రుమాలు, పూర్తిగా తడిసిపోయి. పరాయి మనిషి ముందు ఇంటి గుట్టంతా కుమ్మరించినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా కూతురి మీద కోపమై కూర్చుంది.

"పిలవండి దాన్ని," అంది రుమాలు ఉండచుట్టి బల్ల మీద పెడుతూ.

గువ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రండి మహారాణీగారూ. ఐదు రోజుల్నుంచి నా మీద ఏం నేరం మోపుతున్నారో నా ఎదురుగానే సెలవివ్వండి. హాస్టల్లో ఒంటరిగా పడుకున్నప్పుడు తెలుస్తుందే నీకు, అమ్మంటే ఏంటో."

గువ్వ ఖాళీ గ్లాసు వంక, ఉండచుట్టిన రుమాలు వంక, తల్లి ఎర్రబడ్డ కళ్ల వంక చూసింది. నింపాదిగా గోడ దగ్గరికి నడిచి, ఎర్ర పట్టీ మీది తన క్లిప్పు తీసి ఆకుపచ్చ మీద పెట్టింది.

టీచర్ కళ్లజోడు సవరించుకుంది. తల్లికి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యెత్తుతూ లేచింది.

"ఇంతమందిని తిప్పలు పెట్టి, నా పని చెడగొట్టి, ఇప్పుడేంటే ఈ వేషాలు? అసలు నీకొచ్చిన కష్టమేంటి?"

"నాకేం కష్టం లేదమ్మా," అంది గువ్వ. "ఇక్కడ నీకు క్లిప్పు లేదు కదా, అందుకే నాది పెట్టాను."