సున్నం గోడ మీద వేపాకు

"రేయ్ బాలకృష్ణా, బయటికి రారా! గోడ మీద కొడవలి గీసింది నువ్వే గదా?"

లాఠీ గోడకు తాకింది. జార్జి టౌన్ సందులో ఉగాది పొద్దు అలా తెల్లారింది. బాలకృష్ణన్ పంచె బిగించుకుంటూ వచ్చి చూశాడు. నిన్న సాయంత్రం తానే సున్నం కొట్టిన గోడ. దాని నిండా పిల్లలు గీసిన ఎర్రటి మామిడికాయలు, పువ్వులు. వాటి నడుమ ఎర్రగా, వంకరగా, చిన్న పిడితో సహా కొడవలి!

పందొమ్మిది వందల యాభై అది. ఎర్రరంగు కనబడితే చాలు, పోలీసులకు పూనకం వచ్చే రోజులు. హార్బరు కూలీల సమ్మెలో పట్టుకుపోయిన బాలకృష్ణన్‌ను మొన్ననే వదిలారు. ఇంకోసారి దొరికితే ఇక బయటి గాలి మరిచిపొమ్మని చెప్పి మరీ వదిలారు.

"నేను కాదు ఏట్టయ్యా. నా బిడ్డ మీద ఆన."

నిజంగానే అతను గీయలేదు. అయితే ఏం? కూలోడి నిజాన్ని నమ్మే ఠాణా ఎక్కడుంది? సందులో అందరూ ఏట్టయ్యా అని పిలిచే హెడ్డు కానిస్టేబులు జనార్దనం అతని రెక్క పట్టుకున్నాడు.

"పద. అదంతా ఆడ చెబుదువు."

గోవిందమ్మ పచ్చడి గిన్నెతోనే వాకిట్లోకి ఊడిపడింది. మొగుడు ఎర్రజెండా పట్టిన నాటినుంచీ ఆమె నోట తిట్లు తప్ప వేరే మాట లేదు.

"ఈయన్ను తీసకపో ఏట్టయ్యా, నాకు పీడ వదుల్తుంది. కానీ వేపాకును పట్టుకుని కొడవలంటే ఎట్టా? ఉగాదికి వేపాకు గాక ఏం గీస్తారు పిలకాయలు?"

"వేపాకు ఎర్రగా ఉంటదా? మామిడికాయ ఎర్రగా ఉంటదా? నాకే చెవిలో పువ్వు పెడతావా?"

గోవిందమ్మ గడప పక్కనున్న పసుపు గిన్నెలో వేలు ముంచి గోడ మీద ఒక గీత లాగింది. పచ్చటి గీత చూస్తుండగానే నెత్తురులా ఎర్రబడింది.

"సున్నానికి పసుపు తగిలితే ఏమవుతుంది? పెండ్లికూతురికి తిప్పే ఎర్రనీళ్లు మీ ఇంట్లో ఏం పోసి కలుపుతారో?"

సందంతా గొల్లున నవ్వింది. జనార్దనం మొహం మాడింది. గుమ్మంలో ఉన్న వాళ్ల కూతురు మంగళను పిలిచాడు.

"నువ్వేనా పాపా గీసింది?"

మంగళ తల్లి వైపు చూసింది. "మేమే. పిలకాయలమంతా."

"సరి సరి." బాలకృష్ణన్ రెక్క వదిలాడు. గోవిందమ్మ దొప్పలో పెట్టిచ్చిన పచ్చడి నోట్లో వేసుకుని, చేదుకు మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు.

బాలకృష్ణన్ అరుగు మీద కూలబడ్డాడు. కూతుర్ని ఒళ్లోకి లాక్కున్నాడు. కన్నీళ్లు ఆగలేదు. మైకు ముందు గొంతు చించుకునే పార్టీ పెద్దల్లో ఒక్కరూ సమ్మెలో పట్టుకుపోయిన నాడు ఠాణా మెట్లెక్కి తన కోసం అడగలేదు. ఇవాళ ఒక పసిబిడ్డ బొమ్మ అడ్డం నిలబడింది.

"నీ వేపాకే నన్ను కాపాడింది తల్లీ. నీకు దండం పెడతా," అని నిజంగానే చేతులు జోడించాడు.

మంగళ ఆ చేతులు కిందికి దించి, లోపల గిన్నెల చప్పుడు వైపు ఒకసారి చూసి, అతని చెవిలో గుసగుసలాడింది.

"మేం గీసింది మామిడికాయలే నాయనా. కొడవలి అమ్మ గీసింది."