గుంతలో మోత

నాయన పోయినాక రాఘవేంద్ర మగ్గం అమ్మేసి, హిందూపురంలో ఆరు తీగల బేస్ గిటార్ కొన్నాడు. ఏరికోరి కొన్నది అందులోని అన్నిటికంటే లావుపాటి తీగ కోసమే. దాన్ని మీటితే ఒళ్లంతా జుమ్మంటుంది.

ఆ సాయంత్రం ధర్మవరం ఇంట్లో, మగ్గం పోయి ఖాళీగా మిగిలిన గుంతలో కాళ్లు దించి, గిటార్‌ను స్పీకరుకు తగిలించి వాయిస్తున్నాడు.

"ఆ గుంతలో కూర్చోవద్దప్పా," వంటింట్లోంచి అమ్మ అరిచింది.

"ఉత్త గుంతేలేమ్మా. ఏముండాది ఈడ?"

కరెంటు పోయింది. స్పీకరు మూగబోయింది. తీగను అరచేత్తో అదిమిపట్టాడు. అయినా మోత ఆగలేదు. కింది నుంచి, అరికాళ్లలోంచి పైకి పాకుతోంది.

కాళ్లు తీయబోతే చెక్క తగిలింది. మగ్గంతోపాటే అమ్మేసిన, కాలితో తొక్కే చెక్క.

చిన్నప్పుడు నేత నేర్పుతూ నాయన పెట్టినట్టే, అతని పాదం మీద ఇంకో పాదం ఆనింది. మెల్లగా నొక్కింది.