తడపని వాన

హాలు ఊడ్పించాలి. కుర్చీలు వేయించాలి. మైకు సరిచూసుకోవాలి. కవిగారి కొత్త పుస్తకాల కట్టలు విప్పాలి. టీ ఫ్లాస్కులు నింపించాలి. అన్నిటికంటే ముందు పెద్దకోడలి నోరు మూయించాలి.

మిగతావన్నీ అయ్యాయి. ఆ చివరిదే తెగడం లేదు.

"నాలుగు మంచి ముక్కలు చెప్పి దిగిపో," అన్నాడు భర్త, వేదిక పక్కగది తలుపు దగ్గరగా వేసి. "నాన్నగారి పుస్తకం. పరాయివాళ్లది కాదు."

"మంచి ముక్క ఒక్కటి చూపించండి, నాలుగుసార్లు చెబుతాను."

"పెద్ద పెద్ద ప్రొఫెసర్లే ఆహా అంటున్నారు. మధ్యలో నీకేం పోయింది?"

"వాళ్లు చదవకుండా అంటున్నారు. నేను చదివాను. అదే వచ్చిన చిక్కు."

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కవిగారి పుస్తకం తొలి ప్రతి ఇంట్లో ఒకరి చేతికొస్తుంది; ఆవిష్కరణ సభలో అందరికంటే ముందు మాట్లాడాల్సింది వాళ్లే. ఈసారి మామగారు ఏరికోరి పెద్దకోడలికిచ్చారు. ఆమె చదివి, బాగాలేదని వంటింట్లోనే తేల్చేసింది.

అత్తగారు వచ్చి కొడుకును బయటికి పంపింది.

"మామగారి మీద కోపమా?"

"కోపం దేనికత్తయ్యా? ఆయన మొదటి రెండు పుస్తకాలూ నాకు కంఠతా వచ్చు. ఈ సంబంధానికి సగం ఒప్పుకుంది వాటిని చూసే. అందుకే ఊరుకోలేకపోతున్నాను."

అత్తగారు మొహం పక్కకు తిప్పుకుంది. "ఈ మాట మైకులో అన్నావంటే, రేపట్నుంచి నువ్వూ నేనూ ఒక వంటింట్లో ఉండలేం. ఆలోచించుకో."

"వేరే పొయ్యి పెట్టుకుంటాను. అబద్ధం మాత్రం నావల్ల కాదు."

పిలుపు వచ్చింది. కోడలు మైకు ముందుకు వెళ్లింది.

"పాత పుస్తకాల్లో వాన వస్తే, దండెం మీద బట్టలు గుర్తొచ్చి మనమే లేచి పరిగెత్తబోతాం. ఆరని దుప్పటి వాసన మన ముక్కుకే తగులుతుంది. ఈ పుస్తకంలో వాన ముత్యాలై రాలుతుంది, వీణలై మోగుతుంది. ఎవరూ తడవరు. నాకు నచ్చలేదు."

భర్త తల పట్టుకున్నాడు. ప్రొఫెసరుగారు తన ప్రసంగం కాగితాలు మెల్లగా మడుచుకున్నారు.

కవిగారు లేచారు. గెంటితే గెంటనీ అన్నట్టు కోడలు అక్కడే నిలబడింది. ఆయన మైకు తనవైపు వంచుకున్నారు. ముందు వరసలోంచి అత్తగారు వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది.

"అమ్మాయి సరిగ్గానే చదివింది," అన్నారాయన. "ఈ ఒక్క పుస్తకమే నేను రాసింది. పాత రెండూ రాసింది ఇదిగో, నన్ను నోరు మూసుకోమంటున్న ఈవిడ. ఇకమీదట అవి చదివినప్పుడు నన్ను కాదు, ఈవిడను తలచుకోండి."