పురుగుల చదువు

నా రాత వంకరగా ఉంటుంది, తప్పులూ ఉంటాయి. మా ఆయన పోయిన తర్వాత మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలివి. ఒక్కో మాట రాయడానికి చాలాసేపు పడుతుంది నాకు. మన్నించి చదవండి.

"పురుగులు పట్టేదానికి గూడా డిగ్రీనా మే? మా ఇంట్లో కోడి పట్టదా?" అన్నాడు నవాజ్.

సిరి కళ్లు తెరిచింది.

"మీ కోడి... దాని పేరు చెప్తాదా? ఏ జాతిదో చెప్తాదా?"

ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్న ప్రేమకుమారి ఊపిరి వదిలింది. నంద్యాల చేరేదాకా కూతురు నిద్రపోకూడదు. నిద్రపోతే అంతా పోయినట్టే.

చాగలమర్రి దగ్గరి పల్లెలో కారులోని ఆ ముగ్గురు పిల్లలవీ పక్కపక్క ఇళ్లు. నవాజ్ ఇంజనీరింగ్, సుష్మ ఫార్మసీ, సిరి వ్యవసాయ డిగ్రీ. సెలవులకు వచ్చినప్పుడల్లా అరుగు మీద ఒకటే పంచాయితీ, ఎవరి చదువు కష్టమని. తన చదువును ఎవరైనా ఒక్క మాటంటే చాలు, సిరి తినే అన్నం వదిలేసి జవాబు చెప్పడానికి లేచి వచ్చేది. అందుకే ఆ పొద్దున ప్రేమకుమారి ఆ ఇద్దరినీ పిలిచి కారెక్కించింది.

"దాన్ని తిట్టండి, ఎగతాళి చెయ్యండి, ఏమన్నా చెయ్యండి నాయనా. పండుకోనియ్యద్దండి."

మధ్యాహ్నం సిరికి ప్రాక్టికల్ పరీక్ష. పట్టిన పురుగులను గుండుసూదులకు గుచ్చి, కింద పేర్లు రాసి, పెట్టెలో పెట్టి ఇవ్వాలి. రాత్రంతా ఆ పెట్టె ముందే కూర్చుంది. ఇంకా ఒక పురుగు తక్కువైందని చీకటితోనే శనగ చేనిలోకి పోయింది. పెట్టె లేకుంటే కారెక్కనని మొండికేసింది కూడా. ఇప్పుడది సుష్మ ఒళ్లో ఉంది.

ఆళ్లగడ్డలో ఆగి అడిగితే నంద్యాలకే పొమ్మన్నారు. అప్పటినుంచి వాళ్ల ఊరి డ్రైవర్ మద్దిలేటి హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు.

"మా లెక్కలు చూస్తే నువ్వు కండ్లు తిరిగి పడిపోతావు," అన్నాడు నవాజ్. "మీ పరీక్షలో ఏముంటాది? ఇది వంకాయ, ఇది బెండకాయ. అంతే గదా?"

"మా ఇంట్లో ఫ్యూజు పోతే... మద్దిలేటి మామ ఏసినాడు." సిరి మాట ముద్దగా వచ్చింది. "ఇంజనీరు... టార్చిలైటు పట్టుకున్యాడు."

సుష్మ నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మద్దిలేటి నవ్వనే లేదు.

సిరి కుడిచేతిని చున్నీతో కప్పి, తన మోకాలి మీద పెట్టుకుని, కదలనీయకుండా పట్టుకుని ఉన్నాడు నవాజ్. ప్రేమకుమారి అది చూసింది. ఇంకో రోజైతే ఆమె చూపుకే ఆ పిల్లవాడు చెయ్యి తీసేవాడు. ఈ రోజు ఆమె వంగి ఆ చున్నీనే సర్దింది.

"శనగపచ్చ పురుగుకు ఇంగ్లీషోళ్లు ఏదో పేరు పెట్టినారంటివే, ఏందది?" సుష్మ అడిగింది.

"హెలికో... హెలికో..."

నిద్రలో లేపి అడిగినా చెప్పే పేరు అది. సిరికి రాలేదు. ప్రేమకుమారి చీర కొంగును పిడికిట్లో నలిపేసింది.

శిరివెళ్ల దాటాక రోడ్డు మీద సగందాకా మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా లారీ. మద్దిలేటి బ్రేకు వేశాడు.

"గింజల మింద్నే పోనీ అన్నా!"

కింద పడిన గింజను ఏరి కళ్లకద్దుకునే ప్రేమకుమారి ఆ మాట అన్నది. కారు మొక్కజొన్నల మీదనే పోయింది. వెనక నుంచి ఎవరో బూతులు తిట్టారు.

సిరి తల సుష్మ భుజం మీదికి వాలింది.

"మేయ్ సిరీ! మా మందుల పేర్లు మూరెడు పొడుగుంటాయి, నీకు నోరు తిరుగుతాదా?" సుష్మ ఆమె బుగ్గ మీద తట్టింది. జవాబు రాలేదు. "సరేలే... మీ చదువే కష్టం. నేను ఓడిపోతి. లెయ్యి సిరీ."

"ఒప్పుకోవద్దు!" నవాజ్ అరిచాడు. "గెలిస్తే ఇంగ పండుకుంటాది అది!" సిరి చెవి దగ్గరికి వంగాడు. "ఏమ్మే పురుగుల డాక్టరమ్మా! దున్నే ఎద్దుకు గూడా మీ డిగ్రీ ఇస్తారంట గదా?"

సిరి పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు. రెప్పలు సగం మూతపడ్డాయి.

ప్రేమకుమారి ప్రభువును తలచుకుంది. తలచుకున్న నోటితోనే మొదలుపెట్టింది.

"అదేం చదువులే! యాడా సీటు రాక చేరిన చదువు. ఊరంతా గొప్పలు చెప్పుకుంటి గానీ, మన్ను పిసికేదానికి కాలేజీ యాలనే? నాతోపాటు కూలికి వచ్చింటే ఈపాటికి నేర్చుకునుందువు!"



సిరి రెప్పలు కష్టం మీద పైకి లేచాయి. తల్లి వైపు చూసింది. కళ్ల నిండా నీళ్లు.

"నువ్వు గూడానా మా?"

"ఆ, నేను గూడా! ఏం చేస్తావు? తిట్టు నన్ను. నోరు తెరిసి తిట్టు!"

"నీకు... నీకేం తెల్సు మా..."

"చెప్పు! తెలీదు నాకు. చెప్పు!" ప్రేమకుమారి సీటు మీది నుంచి వంగి కూతురి గడ్డం పట్టుకుంది.

నంద్యాల వచ్చింది. సందుల్లో తిరిగి తిరిగి కారు ఒక పెద్ద గేటు ముందర ఆగింది. అడ్డంగా ఆటోలు. మద్దిలేటి కిటికీలోంచి సగం బయటికి వచ్చి గొంతు చించుకున్నాడు.

"దారి ఇడవండప్పా, కట్లపాము కరిసిన పిల్ల ఉంది!"

లాల్‌బీ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు పాణ్యంలో చిన్న కూతురి దగ్గర ఉంటున్నాను.