సగం గడ్డం

మాజీ సైనికుల చుట్టుపక్కల వాళ్లందరికీ ఆత్మహత్యల నివారణ శిక్షణ తప్పనిసరి చేశాక, రిటైర్డ్ హవల్దారు సింహాద్రికి మనశ్శాంతి కరువైంది. పాలవాడూ, బావమరిదీ, ఆఖరికి అపార్ట్‌మెంటు లిఫ్టులోని రికార్డు గొంతూ, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడమే. ఆయన లేదనేవాడు. వాళ్లు హమ్మయ్య అనుకుని తమ పనుల్లో పడేవారు.

ఆవేళ సెలూన్‌లో పైడయ్య సగం గడ్డం గీసి, శిక్షణలో నేర్పినట్టే ముందు కత్తిని సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"సచ్చిపోవాలనిపిస్తందేటి బాబూ?"

"లేదు. గడ్డం కానియ్యి."

"నిజం సెప్తే గీస్తాను."

సగం నురగతో వీధిలోకి పోలేక, సింహాద్రి లేవబోయి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్న అనిపించింది," అన్నాడు చివరికి.

పైడయ్య షట్టరు దించి, పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"గెడ్డం రేపైనా గీసుకోవచ్చు బాబూ. నిన్నేటయిందో సెప్పండి."